వెతికితే దొరికే క్యాన్సర్: థైరాయిడ్ లెక్కల వెనక నాలుగు చోట్ల కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక లెక్కతో మొదలుపెడదాం. దక్షిణ కొరియాలో 1993లో థైరాయిడ్ క్యాన్సర్ ఎంతమందికి వచ్చేదో చూడండి, 2011లో ఎంతమందికి వచ్చిందో చూడండి. పద్దెనిమిదేళ్లలో ఆ రేటు 15 రెట్లు అయ్యింది. 2011 ఒక్క సంవత్సరంలోనే 40 వేల మందికి పైగా ఈ జబ్బు ఉందని తేలింది. ఆ దేశంలో అన్ని క్యాన్సర్లలో ఇదే నంబర్ వన్ అయి కూర్చుంది.

ఇలాంటి లెక్క వినగానే మనకి ఏమనిపిస్తుంది? నీళ్లలో ఏదో కలిసిందనో, తిండిలో ఏదో ఉందనో, సెల్ టవర్ల వల్లనో అనుకుంటాం. ఈపాటికి వాట్సాప్‌లో పది ఫార్వర్డ్‌లు వచ్చేసి ఉండేవి.

కానీ అదే పట్టికలో ఇంకో గీత ఉంది. థైరాయిడ్ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ల గీత. జబ్బు 15 రెట్లు పెరిగితే చావులు కూడా పెరగాలి కదా. కనీసం రెండు రెట్లో మూడు రెట్లో. కానీ ఆ గీత కదల్లేదు. ఏడాదికి 300 నుంచి 400 మంది, అంతే. మొదట్లో ఎంతో, చివర్లోనూ దాదాపు అంతే.

మరి ఆ వేలమంది రోగులు ఎక్కడి నుంచి వచ్చారు? ఇవాళ్టి కథ అదే. కొరియాలో మొదలుపెట్టి బెలారస్‌కి, జపాన్‌కి వెళ్లి, చివరికి మన పక్కనే ఉన్న కేరళకి వద్దాం.

ముందు ఒక చిన్న క్లారిటీ

మన ఇళ్లల్లో "మా అమ్మకి థైరాయిడ్ ఉంది" అంటాం. నిజానికి థైరాయిడ్ అందరికీ ఉంటుంది. మెడ ముందు భాగంలో, సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి అది. మనం తినే ఆహారంలోని అయోడిన్‌ని లాక్కుని హార్మోన్ తయారు చేస్తుంది. ఆ హార్మోన్ తగ్గితే పొద్దున్నే పరగడుపున టాబ్లెట్ వేసుకుంటారు. మన ఇళ్లల్లో "థైరాయిడ్ ఉంది" అంటే చాలాసార్లు అర్థం ఇదే. ఇది క్యాన్సర్ కాదు.

క్యాన్సర్ వేరే సంగతి. గ్రంథిలో చిన్న చిన్న గడ్డలు ఏర్పడతాయి. వాటిలో ఎక్కువ శాతం మామూలు గడ్డలే. కొన్ని మాత్రం క్యాన్సర్‌వి. అందులోనూ రకాలున్నాయి. ఎక్కువగా కనిపించేది పాపిల్లరీ రకం. ఇది సాధారణంగా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. అనాప్లాస్టిక్ అనే రకం ఇంకోటి ఉంది, అది చాలా అరుదు, చాలా ప్రమాదం. ఈ రెండిటికీ పేరు ఒకటే, "థైరాయిడ్ క్యాన్సర్". గందరగోళం సగం ఇక్కడే పుట్టింది.

ఫిన్లాండ్ డాక్టర్లు చూసింది ఏంటి?

1985లో ఫిన్లాండ్ నుంచి ఒక పరిశోధన వచ్చింది. వేరే వేరే కారణాలతో చనిపోయిన 101 మంది థైరాయిడ్ గ్రంథుల్ని పోస్ట్‌మార్టంలో తీసి, పల్చటి ముక్కలుగా కోసి మైక్రోస్కోప్ కింద చూశారు. వీళ్లలో 36 మంది గ్రంథుల్లో పాపిల్లరీ క్యాన్సర్ దొరికింది. అంటే మూడింట ఒక వంతుకి పైగా!

బతికున్నన్నాళ్లూ అది బయటపడలేదు. అవన్నీ చాలా చిన్నవి, చాలావరకు మిల్లీమీటర్లలో ఉన్నవి. వాళ్లు ఆ క్యాన్సర్‌తో బతికారు, ఇంకేదో కారణంతో పోయారు.

ఇది మనసులో పెట్టుకోండి. చాలామంది గొంతులో, ఎప్పటికీ హాని చెయ్యని చిన్న క్యాన్సర్ గడ్డ నిద్రపోతూ ఉంటుంది. దాన్ని లేపాలంటే ఒక మంచి మెషీన్ చాలు.

ఆ మెషీన్ కొరియాకి వచ్చింది

1999లో దక్షిణ కొరియా ప్రభుత్వం జాతీయ క్యాన్సర్ పరీక్షల కార్యక్రమం మొదలుపెట్టింది. ఉద్దేశం మంచిదే. ఇందులో చేర్చిన క్యాన్సర్లలో థైరాయిడ్ లేదు. కానీ పరీక్షలకి ఎలాగూ ఆసుపత్రికి వచ్చారు కదా అని, ఇంకో 30 నుంచి 50 డాలర్లు కడితే మెడకి అల్ట్రాసౌండ్ స్కాన్ కూడా చేస్తామని ఆసుపత్రులు చెప్పేవి. మన దగ్గర "ఫుల్ బాడీ చెకప్" ప్యాకేజీలో ఇంకో రెండు టెస్టులు కలుపుతారు చూడండి, అలాగన్నమాట.

నొప్పి లేదు, సూది లేదు, పది నిమిషాల పని. జనం చేయించుకున్నారు. అల్ట్రాసౌండ్‌కి రెండు మూడు మిల్లీమీటర్ల గడ్డ కూడా కనిపిస్తుంది. కనిపించాక ఊరుకోరు కదా, సన్న సూదితో కణాలు తీసి ల్యాబ్‌కి పంపిస్తారు. కొందరికి "క్యాన్సర్" అని రిపోర్ట్ వస్తుంది. ఆ ఒక్క మాట చదివాక ఎవరికి నిద్ర పడుతుంది చెప్పండి?

ఇక్కడ ప్రాంతాల లెక్క చాలా ముఖ్యం. కొరియాలో ఉన్న 16 ప్రాంతాల్ని పక్కపక్కన పెట్టి చూశారు. ఏ ప్రాంతంలో ఎక్కువమంది స్కాన్ చేయించుకున్నారో, అక్కడే థైరాయిడ్ క్యాన్సర్ ఎక్కువ. ఎక్కడ స్కాన్లు తక్కువో అక్కడ జబ్బూ తక్కువ. గాలి, నీళ్లు, తిండి కన్నా ముందు స్కాన్ల లెక్కే ఆ తేడాని చెప్పేసింది.

"దొరికితే మంచిదే కదా?"

ఇప్పుడు మీకు ఒక డౌట్ రావాలి. ముందే దొరికితే మంచిదే కదా, తీసేస్తే పోతుంది కదా అని. ఆ ఆలోచనలో తప్పులేదు. చాలా క్యాన్సర్ల విషయంలో అది నిజం కూడా. అయితే ఇక్కడ జరిగింది చూడండి.

కొరియాలో ఈ జబ్బు ఉందని తేలినవాళ్లలో దాదాపు అందరికీ వైద్యం చేశారు. మూడింట రెండు వంతుల మందికి గ్రంథి మొత్తం తీసేశారు. అర సెంటీమీటర్ కన్నా చిన్న గడ్డకి ఆపరేషన్ వద్దని వైద్య మార్గదర్శకాలు చెప్తున్నా, ఆపరేషన్ అయినవాళ్లలో నాలుగో వంతు మందికి ఉన్నది అంత చిన్న గడ్డే.

గ్రంథి తీసేస్తే చాలామందికి జీవితాంతం రోజూ టాబ్లెట్ తప్పదు. దాని వెనకే పారాథైరాయిడ్ అని నాలుగు చిన్న గ్రంథులుంటాయి, రక్తంలో కాల్షియాన్ని అవే చూసుకుంటాయి. ఆపరేషన్‌లో వాటికి దెబ్బ తగలొచ్చు. పక్కనే గొంతుని పలికించే నరం కూడా ఉంటుంది. 15 వేల మందికి పైగా రోగుల ఇన్సూరెన్స్ రికార్డులు చూస్తే, 11 శాతం మందికి పారాథైరాయిడ్ పని దెబ్బతింది. 2 శాతం మందికి స్వరతంతువులు చచ్చుబడ్డాయి.

వందలో ఇద్దరంటే తక్కువే అనిపిస్తుంది. కానీ ఏడాదికి 40 వేల మందికి ఆపరేషన్లు జరిగితే? 800 గొంతులు. పాఠం చెప్పే టీచర్లు, ఫోన్ మాట్లాడి బతికే ఉద్యోగులు, పిల్లల్ని పిలిచే అమ్మలు. వీళ్లలో చాలామందికి ఆ స్కాన్ చేయించుకోకపోతే ఏమీ అయ్యేది కాదు. మరి ఇన్ని ఆపరేషన్లు చేస్తే చావులు తగ్గాయా అంటే, ఇందాక చెప్పుకున్నాం కదా, గీత కదల్లేదు.

దీన్నే ఇంగ్లీష్‌లో ఓవర్‌డయాగ్నసిస్ అంటారు. తెలుగులో చెప్పాలంటే అవసరానికి మించిన రోగ నిర్ధారణ. రిపోర్ట్ తప్పు కాదు, అది క్యాన్సరే. కానీ ఆ మనిషికి ఎప్పటికీ హాని చెయ్యని క్యాన్సర్.

2014 మార్చిలో కొరియాలోనే ఎనిమిది మంది డాక్టర్లు కలిసి ముందుకొచ్చారు. లక్షణాలు ఏమీ లేనివాళ్లకి థైరాయిడ్ స్కాన్లు ఆపండని బహిరంగ లేఖ రాశారు. మీడియాలో పెద్ద చర్చ నడిచింది. అదే ఏడాది నవంబర్‌లో ఆన్ హ్యోంగ్ సిక్, కిమ్ హ్యున్ జంగ్, అమెరికాకి చెందిన గిల్బర్ట్ వెల్చ్ కలిసి న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఈ లెక్కలన్నీ బయటపెట్టారు. ఆ ఒక్క ఏడాదిలోనే థైరాయిడ్ ఆపరేషన్లు సుమారు 35 శాతం తగ్గాయి. కొత్త మందు రాలేదు, నీళ్లు మారలేదు. వెతకడం తగ్గింది, జబ్బు "తగ్గింది".

అయితే ప్రతి పెరుగుదలా ఇంతేనా? కాదు

ఇక్కడితో ఆపేస్తే మీరు ఒక తప్పు పాఠంతో వెళ్లిపోతారు. "అంతా డాక్టర్ల మాయ" అనుకుంటారు. అందుకే ఇప్పుడు బెలారస్ వెళ్దాం.

1986 ఏప్రిల్ 26. ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో రియాక్టర్ పేలింది. గాలిలో కలిసిన వాటిలో అయోడిన్-131 ఒకటి. ఇది రేడియోధార్మిక అయోడిన్. గాలి, వాన దాన్ని గడ్డి మీద దించాయి. ఆవులు ఆ గడ్డి మేశాయి. ఆ పాలు పిల్లలు తాగారు. థైరాయిడ్ గ్రంథికి మామూలు అయోడిన్‌కీ, రేడియోధార్మిక అయోడిన్‌కీ తేడా తెలీదు, రెండిటినీ లాక్కుంటుంది. పిల్లల గ్రంథి చిన్నది, తాగే పాలు ఎక్కువ. కాబట్టి దెబ్బ వాళ్లకే గట్టిగా తగిలింది.

పక్కనున్న పోలండ్ కొద్ది రోజుల్లోనే కోటి మందికి పైగా పిల్లలకి మామూలు అయోడిన్ మందు తాగించింది. గ్రంథి ముందే నిండిపోతే, రేడియోధార్మికమైనది లోపలికి వెళ్లడానికి చోటుండదని. సోవియట్ యూనియన్‌లో చాలా పల్లెల్లో మాత్రం ఆ పాలు తాగడం ఆగలేదు.

ఇప్పుడు బెలారస్ పిల్లల లెక్క వినండి. థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలు 1986లో ఇద్దరు. 1987లో నలుగురు. 1988లో అయిదుగురు. 1989లో ఆరుగురు. 1990లో 29 మంది. 1991లో 55 మంది. అందులో సగానికి పైగా చెర్నోబిల్‌కి దగ్గరగా ఉన్న గోమెల్ ప్రాంతం నుంచే.

బెలారస్ డాక్టర్లు కజకోవ్, డెమిడ్చిక్, అస్తఖోవా ఈ సంగతిని 1992లో నేచర్ పత్రికలో రాశారు. చాలామంది నమ్మలేదు. హిరోషిమా అనుభవం ప్రకారం ఇలాంటి క్యాన్సర్లు రావడానికి చాలా ఏళ్లు పడుతుంది, నాలుగేళ్లకే ఎలా వస్తాయి అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. "ప్రమాదం తర్వాత పిల్లలందరికీ పరీక్షలు చేస్తున్నారు కదా, అందుకే దొరుకుతున్నాయి."

గమనించారా? కొరియాలో నిజమైన మాట ఇదే. బెలారస్‌లో కూడా అదే మాట అన్నారు, అక్కడది తప్పయింది. మరి ఎక్కడ నిజమో, ఎక్కడ అబద్ధమో ఎలా తేల్చాలి?

దీనికి ఒక అందమైన పరీక్ష జరిగింది. అయోడిన్-131 ఎనిమిది రోజులకి సగం అవుతుంది. ఇంకో ఎనిమిది రోజులకి అందులో సగం. కొన్ని నెలల్లో దాదాపు ఏమీ మిగలదు. అంటే ప్రమాదానికి ముందు పుట్టిన పిల్లలు దాని బారిన పడ్డారు, ఏడాది తర్వాత పుట్టినవాళ్లు పడలేదు. ఊరు అదే, బడి అదే, డాక్టర్లు అదే, స్కాన్ అదే. తేడా పుట్టిన తేదీ ఒక్కటే.

జపాన్, బెలారస్ పరిశోధకులు గోమెల్ ప్రాంతంలోని బడిపిల్లల్ని ఇలా పరీక్షించి 2001లో ఫలితాలు ప్రచురించారు. ప్రమాదానికి ముందు పుట్టిన 9,720 మందిలో 31 మందికి క్యాన్సర్. 1986లోనే, ప్రమాదం తర్వాత పుట్టిన 2,409 మందిలో ఒక్కరికి. 1987 నుంచి 1989 మధ్య పుట్టిన 9,472 మందిలో ఎంతమందికో తెలుసా? సున్నా.

వెతకడం వల్లే దొరికి ఉంటే మూడు గుంపుల్లోనూ దొరకాలి. దొరకలేదు. కాబట్టి బెలారస్‌లో జబ్బు నిజంగానే పెరిగింది. బెలారస్, ఉక్రెయిన్, రష్యాలోని ప్రభావిత ప్రాంతాల్లో, ప్రమాదం నాటికి 18 ఏళ్లలోపు ఉన్నవాళ్లలో 2005 నాటికి 6 వేలకి పైగా కేసులు తేలాయి. చనిపోయినవాళ్లు 15 మంది. వైద్యం అందింది కాబట్టి ఆ సంఖ్య అంతలో ఆగింది. కానీ వేలమంది పిల్లల మెడ మీద ఆ ఆపరేషన్ గాటు ఉండిపోయింది.

ఫుకుషిమాలో రెండు కథలూ ఎదురుపడ్డాయి

2011 మార్చిలో జపాన్‌లో భూకంపం, సునామీ, ఆ వెంటే ఫుకుషిమా అణు ప్రమాదం. చెర్నోబిల్ అనుభవం ఉంది కదా, ఆ ఏడాది నుంచే 18 ఏళ్లలోపు వాళ్లందరికీ థైరాయిడ్ స్కాన్ మొదలుపెట్టారు. మొదటి రౌండ్‌లో సుమారు 3 లక్షల మందిని చూశారు. వందమందికి పైగా క్యాన్సర్ లేదా క్యాన్సర్ అనుమానం అని తేలింది. దేశమంతా భయపడింది.

అప్పుడు ఏం చేశారంటే, ఫుకుషిమాకి దూరంగా ఉన్న అవొమోరి, యమనాషి, నాగసాకి ప్రాంతాల్లో 4 వేలకి పైగా పిల్లల్ని అదే రకం మెషీన్‌తో, అదే పద్ధతిలో స్కాన్ చేశారు. గడ్డలు అక్కడా అలాగే కనిపించాయి. ఇంకో తేడా కూడా ఉంది. చెర్నోబిల్‌లో ఎక్కువగా దెబ్బతిన్నది పసిపిల్లలు. ఫుకుషిమా మొదటి రౌండ్‌లో దొరికినవి ఎక్కువగా టీనేజ్ పిల్లల్లో. పైగా ఇక్కడ రేడియేషన్ మోతాదు చెర్నోబిల్ కన్నా చాలా తక్కువ, పాల మీద ఆంక్షలు త్వరగా పెట్టారు.

ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల కమిటీ కూడా ఈ పెరుగుదల రేడియేషన్ వల్ల కాదు, అతి సున్నితమైన స్కాన్ల వల్లే అనిపిస్తోందని చెప్పింది. జపాన్‌లోనే కొందరు పరిశోధకులు దీంతో విభేదించారు, ఆ వాదన ఇంకా నడుస్తోంది. అయితే 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒక సలహా ఇచ్చింది. అణు ప్రమాదం జరిగినా సరే, మొత్తం జనాభాకి థైరాయిడ్ స్కాన్లు చేయొద్దు అని.

ఇక మన పక్కకి: కేరళ

మన దేశంలో క్యాన్సర్ లెక్కలు రాసే రిజిస్ట్రీలున్నాయి. వాటిని పక్కపక్కన పెడితే థైరాయిడ్ క్యాన్సర్ అన్నిచోట్లా ఒకేలా లేదు. తిరువనంతపురం, కొల్లం జిల్లాల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, చాలా ఎక్కువ. మహారాష్ట్రలో బార్షీ లాంటి పల్లె రిజిస్ట్రీల్లో చాలా తక్కువ. 2006 నుంచి 2014 మధ్య దేశం మొత్తం మీద ఆడవాళ్లలో ఈ రేటు మూడో వంతుకి పైగా పెరిగింది.

కేరళ అనగానే చాలామంది ఇసుక వైపు వేలు చూపిస్తారు. కొల్లం జిల్లా కరునాగపల్లి తీరంలో మోనజైట్ ఇసుక ఉంది, అందులో థోరియం ఉంటుంది. సహజంగానే రేడియేషన్ ఎక్కువ. ఇలాంటి ఇసుక మన శ్రీకాకుళం, భీమునిపట్నం తీరంలో కూడా ఉంది. వినడానికి చెర్నోబిల్ కథలాగే ఉంది కదా. కానీ కరునాగపల్లిలో సుమారు 70 వేల మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2009లో వచ్చింది. రేడియేషన్ ఎక్కువున్న చోట క్యాన్సర్ ఎక్కువగా వస్తోందన్న ఆధారం అందులో దొరకలేదు. తేడా ఎక్కడుందో కూడా చూడండి. చెర్నోబిల్‌లో అయోడిన్ నేరుగా గ్రంథిలోకి వెళ్లి కూర్చుంది. థోరియం ఇసుక అలా చెయ్యదు.

మరి ఏంటి కారణం? కేరళలో ఆసుపత్రులు దగ్గర, చదువుకున్నవాళ్లు ఎక్కువ, స్కాన్లు అందుబాటులో ఉన్నాయి. మన దేశంలోని కొన్ని ప్రాంతాల్లో కూడా కొరియా కథ మొదలైందని, ఆ లెక్కలు చూసిన పరిశోధకులు 2020లో హెచ్చరించారు.

మనకేంటి?

హైదరాబాద్, విజయవాడ, విశాఖలో ఇప్పుడు ఎక్కడ చూసినా హెల్త్ ప్యాకేజీలే. అమ్మానాన్నలకి పుట్టినరోజు గిఫ్ట్‌గా ఫోన్లో బుక్ చేసేది మీరే. చెయ్యండి, తప్పులేదు. బీపీ, షుగర్ చూపించండి. హార్మోన్ కోసం చేసే టీఎస్‌హెచ్ రక్త పరీక్ష వేరు, మెడకి చేసే స్కాన్ వేరు, ఈ రెండూ కలపకండి. ఏ లక్షణమూ లేని పెద్దవాళ్లకి థైరాయిడ్ క్యాన్సర్ కోసం పరీక్షలు వద్దని అమెరికా నిపుణుల బృందం 2017లో స్పష్టంగా చెప్పింది.

అలాగని మెడ మీద గడ్డ చేతికి తగులుతుంటే, గొంతు బొంగురుపోయి వారాలైనా తగ్గకపోతే, మింగడం కష్టంగా ఉంటే, ఇంట్లో ఎవరికైనా ముందు ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే, లేదా చిన్నప్పుడు మెడకి రేడియేషన్ ఇచ్చి ఉంటే, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆ వీడియోలో వద్దన్నారు కదా అని ఆగకండి. అక్కడ స్కాన్ అవసరం.

ఒకవేళ చిన్న గడ్డ అనుకోకుండా బయటపడి, రిపోర్ట్‌లో "పాపిల్లరీ" అని ఉన్నా, ఆ రాత్రికే ఆపరేషన్ డేట్ తీసుకోవాల్సినంత తొందర సాధారణంగా ఉండదు. జపాన్‌లోని కోబె నగరంలో ఉన్న కుమా హాస్పిటల్‌లో 1993 నుంచి ఒక సెంటీమీటర్‌లోపు గడ్డల్ని కొయ్యకుండా, స్కాన్లతో గమనిస్తూ వచ్చారు. 2014లో ప్రచురించిన ఫలితాల్లో అలాంటివాళ్లు 1,235 మంది. ఒక్కరు కూడా ఆ క్యాన్సర్‌తో చనిపోలేదు. గడ్డ పెరిగినవాళ్లు కొద్దిమందే, వాళ్లకి అప్పుడు ఆపరేషన్ చేశారు. కాబట్టి "కొన్నాళ్లు గమనిస్తే సరిపోతుందా?" అని డాక్టర్‌ని అడగండి. ఇంకో డాక్టర్‌ని కూడా అడగండి. అది మీ హక్కు.

చివరగా, ఏ జబ్బు గురించైనా "పది రెట్లు పెరిగింది" అనే పోస్ట్ కనిపిస్తే, ఫార్వర్డ్ చేసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. చావులు కూడా పెరిగాయా? వెతకడం ఏమైనా పెరిగిందా? ఒకేలా వెతికినా కొందరిలోనే దొరుకుతోందా, అందరిలోనూ దొరుకుతోందా? కొరియాని పట్టించింది మొదటి రెండు ప్రశ్నలు. గోమెల్ పిల్లలకి న్యాయం చేసింది మూడోది.

ఈ ఎపిసోడ్‌ని ఇంట్లో "థైరాయిడ్ ఉంది" అని భయపడుతున్న వాళ్లకి ఒకసారి చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు సెలవు.